రెండు గీతల మధ్య సంతకం

ఒఫేలియా బర్రగాన్ సంతకం పెట్టడానికి ఇరవై నిమిషాలు తీసుకుంటుంది. ముందు పెన్సిలుతో కాగితం మీద సన్నగా రెండు గీతలు గీస్తుంది. ఆ గీతల మధ్య ఒక్కొక్క అక్షరాన్నీ ఎడమ చేత్తో నిలబెడుతుంది. సిరా ఆరేదాకా ఆగి, పెన్సిలు గీతలను రబ్బరుతో తుడిచేస్తుంది. అంతా అయ్యాక చూస్తే అది చేత్తో రాసిందంటే నమ్మబుద్ధి కాదు.

ఎన్నికల ఆఫీసు వాళ్లూ నమ్మలేదు. ఓటు కవరు మీది సంతకం తమ దగ్గరున్న పాత సంతకంతో కలవడం లేదనీ, సరిచేసుకోకపోతే కవరు విప్పబోమనీ, అందులోని ఓటు లెక్కలోకి రాదనీ ఆమెకు ఉత్తరం రాశారు. అప్పటికి ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. అందులో యాభై ఏళ్లు అక్షరాలు రాసే బతికింది.

వాషింగ్టన్ రాష్ట్రంలో తూర్పు వైపు, టామరాక్ కౌంటీ యాపిల్ తోటల్లో ఆమె రాత చూడని మనిషి ఉండడు. టైర్ల కొట్టు మీద బోర్డు ఆమెదే. రొట్టెల దుకాణం అద్దం మీద రాత ఆమెదే. పండ్ల లారీల తలుపుల మీద యజమానుల పేర్లూ ఆమె రాసినవే. ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. తొమ్మిదేళ్లప్పుడు అమ్మానాన్నలు చెట్లెక్కి కాయలు కోస్తుంటే తను కింద కూర్చుని, యాపిల్ పెట్టెల మీద అంటించిన రంగుల కాగితాల్లోని అక్షరాలను బొగ్గు ముక్కతో అట్టల మీదకు దించుకునేది. పద్దెనిమిదో ఏట టైర్ల కొట్టు గోడ మీద మొదటి బోర్డు రాసింది. రాసి, దూరంగా వెళ్లి చూసి, కిరసనాయిలుతో తుడిచి మళ్లీ రాసింది. నాలుగోసారికి గాని ఆమెకు నచ్చలేదు. కొట్టు యజమానికి మొదటిసారికే నచ్చింది. అయినా ఆయన మాట ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

ఆమె పద్ధతి ఒకటే. గీత ఒక్కసారే లాగాలి. వంకర పోతే మొత్తం తుడిచి మళ్లీ రాయాలి తప్ప, పోయిన గీతను దిద్దకూడదు.

నలభై ఒకటో ఏట ఆమెకు అమెరికా పౌరసత్వం వచ్చింది. ఆ తర్వాత ఒక్క ఎన్నికా వదల్లేదు. స్కూలు బోర్డుకు వేసింది, అగ్నిమాపక దళానికి కొత్త బండి కొనాలా వద్దా అన్నదానికీ వేసింది. అక్కడ ఓటు కాగితం పోస్టులో ఇంటికే వస్తుంది. నింపి, కవర్లో పెట్టి, కవరు మీద సంతకం చేసి, ఫైర్ స్టేషను ముందున్న ఇనప పెట్టెలో వేయాలి. ఆఫీసులో ఆ సంతకాన్ని పాతదానితో పోల్చి చూస్తారు. కలిస్తే కవరు విప్పుతారు. కలవకపోతే పక్కన పెడతారు.

ఈసారి ఎన్నిక ఆమెకు అన్నిటికంటే ముఖ్యం. కౌంటీ కోర్టు జడ్జిని కూడా అక్కడ జనమే ఎన్నుకుంటారు. కాని ఇరవై రెండేళ్లుగా ఆ పదవికి కాగితం మీద ఒకే పేరు ఉండేది. పోటీకి ఎవరూ నిలబడేవాళ్లు కాదు. నిలబడితే రేపు ఆ కోర్టులోనే వాదించాలి గదా అని లాయర్ల భయం. ఒకసారి ఆ కోర్టు గది తలుపు అద్దం మీద బంగారు రేకుతో జడ్జి పేరు రాసే పని ఒఫేలియాకు వచ్చింది. మూడు రోజులు ఆ తలుపు దగ్గర కూర్చుని రాసింది. లోపల జరిగేదంతా వినపడేది. లాయరు లేని మనిషి లోపలికి వెళ్లి, తన సంగతి సగం చెప్పేలోగా బయటికి వచ్చేసేవాడు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు కూడా పట్టేది కాదు. తన రాతలో ఒక్క అక్షరానికి అంతకంటే ఎక్కువసేపు పడుతోందని ఆమె అనుకుంది.

ఈసారి కాగితం మీద రెండు పేర్లు వచ్చాయి. మొదటి లెక్క పూర్తయ్యేసరికి ఇద్దరి మధ్య తేడా వంద ఓట్ల లోపే ఉంది.

సంతకం మారడానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట, అప్పటి ఎన్నికకు ఓటు వేశాక, ఆమెకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో వారం నుంచీ ఎడమ చేత్తో, పాత పేపర్ల మీద, రోజూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా రాసింది. పదకొండు నెలలు రాసింది. బోర్డు అక్షరాలు తిరిగొచ్చాయి. నెమ్మదిగా వచ్చినా, మునుపటంత నికార్సుగా వచ్చాయి. గొలుసుకట్టు రాత మాత్రం రాలేదు. చకచకా గీకేసే సంతకం ఆమెకు ఇక లేదు. అక్షరాలు కట్టడమొక్కటే వచ్చు. అందుకే ఓటు కవరు మీద కూడా బోర్డు రాసినట్టే రాసింది. అంత ముఖ్యమైన కాగితం మీద అంతకు తక్కువ పని చేయడం ఆమెకు తెలియదు.

ఉత్తరం వచ్చిన రోజు ఆమె తమ్ముడు ఫెర్మిన్ వచ్చి చదివాడు. అతను పండ్ల గోదాములో పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్టు బండి నడుపుతాడు, అక్క ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. లోపల ఒక ఫారం ఉంది. దాని మీద మళ్లీ సంతకం చేసి పంపాలి. పాత సంతకంతో కలవలేదన్నారు కాబట్టి పాతదానిలాగే చేసి పంపితే సరిపోతుందని ఇద్దరూ అనుకున్నారు. ఒఫేలియా డ్రైవింగ్ లైసెన్సు తీసి, దాని మీదున్న తన కుడిచేతి గీకుడును ముందు పెట్టుకుని, ఎడమ చేత్తో దాన్ని అనుకరించింది. బతుకులో మొదటిసారి, తనకు నచ్చని పనిని తుడవకుండా వదిలేసి కవర్లో పెట్టింది.

వారం తర్వాత సోమవారం ఉదయం ఆఫీసు నుంచి వెర్నా అనే ఉద్యోగిని ఫోన్ చేసింది. ఫారం మీది సంతకం కూడా కుదరలేదట. మర్నాడు పది గంటలకు ఫలితాలు ఖాయం చేస్తారట. ఈరోజు సాయంత్రం నాలుగున్నర లోపల ఏదో ఒకటి తేలాలంది.

“పాతదానిలాగే పెట్టాను గదమ్మా,” అంది ఒఫేలియా.

“పాతదానితో కాదండీ, కవరు మీదున్న దానితో కలవాలి. ఉత్తరం వెనకవైపు రాశాం. ఇప్పుడు మా దగ్గర మీవి మూడు సంతకాలున్నాయి. ఏ రెండూ కలవట్లేదు.”

ఒఫేలియా ఫోన్ పెట్టేసి, ఫెర్మిన్ నంబరు నొక్కింది. వేరేవాళ్లు తన సంతకం దొంగగా పెట్టారేమోనని ఆఫీసు వాళ్ల అనుమానం. నిజానికి దొంగ సంతకం ఒకటుంది. అది తను ఫారం మీద పెట్టినదే.

ఫెర్మిన్ షిఫ్టు మధ్యలో సెలవడిగి వచ్చాడు. కౌంటీ ఆఫీసు యాభై మైళ్లు. దారి పొడుగునా అతనే మాట్లాడాడు. ఆమె ఒళ్లో సంచి పెట్టుకుని, అందులో పెన్సిలు, స్కేలు, రబ్బరు, తన నిబ్బు పెన్ను, చెయ్యి ఆనించుకునే కర్ర ఉన్నాయో లేదో రెండుసార్లు తడిమి చూసుకుంది.

వాళ్లు చేరేసరికి మూడూ యాభై. వెర్నా యాభై ఏళ్ల మనిషి, ముఖంలో అలసట ఉంది గాని విసుగు లేదు. సంతకం కలవనివాళ్లు ఆ రోజు నలభై మంది దాకా వచ్చిపోయారట. కౌంటరు మీద గొలుసుకు కట్టిన బాల్‌పెన్నును ముందుకు జరిపింది. ఒఫేలియా దాన్ని వెనక్కి జరిపి, కూర్చుని రాసుకోవడానికి బల్ల కావాలంది. తనకు కనీసం ఇరవై నిమిషాలు పడుతుందనీ చెప్పింది.

వెర్నా ఆమె కుడి చేతి వంక చూసి గొంతు తగ్గించింది. “ఇంకో దారి ఉందండీ. చెయ్యి సరిగ్గా లేనివాళ్లు ఇంటూ మార్కు పెడితే చాలు. పక్కన ఇద్దరు సాక్షి సంతకాలు చేస్తారు. నేనొకదాన్ని, మీ తమ్ముడొకరు. రెండు నిమిషాల పని. దాన్ని ఎవరూ కాదనలేరు.”

“పెట్టెయ్ అక్కా,” అన్నాడు ఫెర్మిన్. “ఇంటూ పెట్టినా ఓటు నీదే గదా. మళ్లీ రాసి, మళ్లీ కలవలేదంటే ఏం చేస్తావ్? రేపటికి అంతా అయిపోద్ది.”

“ఇవాళ నువ్వున్నావు, ఆవిడుంది. వచ్చే ఎన్నికకి?”

“అప్పుడూ నేనుంటాలే.”

“రెండో సాక్షి ఎవరు? ప్రతిసారీ ఇద్దర్ని పట్టుకొచ్చి వంటింట్లో కూర్చోబెట్టి, ఇది ఒఫేలియానే అని చెప్పించుకోవాలా? నాకు చెయ్యి ఉందిరా.”

“చేతికేం గాని, మొండితనం కూడా ఉంది.”

“అది లేకపోతే ఈ చెయ్యి వచ్చేదా?”

వెర్నా ఉన్నమాట చెప్పింది. ఇంటూ మార్కు పెడితే ఓటు ఖాయం. సంతకం పెడితే మాత్రం తనూ, పోల్చి చూసే ఇంకో ఉద్యోగీ ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఇంకోసారికి టైము లేదు. ఒఫేలియా అంతా విని, బల్ల ఎక్కడుందని అడిగింది.

ఉద్యోగులు భోజనం చేసే బల్ల ఇచ్చారు. వెర్నా దాని మీది కాఫీ మరకను తడిగుడ్డతో తుడిచింది. ఒఫేలియా కొత్త ఫారం పరిచి, కదలకుండా కుడి మోచెయ్యి దాని మీద ఆన్చి, రెండు గీతలు గీసింది. కర్ర మీద ఎడమ మణికట్టు పెట్టింది. మొదటి అక్షరం గుండ్రంగా మొదలై, మొదలైన చోటే ముగిసింది.

ఆమె రాస్తుండగా ఆరుగురు వచ్చి, కౌంటరు దగ్గర నిలబడే గీకేసి వెళ్లిపోయారు. ఫెర్మిన్ గోడ గడియారం వైపు చూడటం, అక్క వైపు చూడటం, మళ్లీ గడియారం వైపు చూడటం. ఇంటిపేరు దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి బిగుసుకుంది. పెన్ను ఎత్తి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, వేళ్లు వదులయ్యేదాకా ఊరికే కూర్చుంది. నాలుగున్నరకు వెర్నా తలుపు గడియ పెట్టి, లోపలున్నవాళ్లు టైములో వచ్చినట్టేనంది. ఇంకా రెండు అక్షరాలున్నాయి.

సిరా ఆరాక గీతలు తుడిచి ఫారం ఇచ్చింది. వెర్నా లోపలి నుంచి హార్లన్ అనే పెద్దాయన్ని పిలిచింది. కవరును పక్కన పెట్టించింది ఆయనే. ఆయన చేతిలో భూతద్దం ఉంది.

“తొందరగా పెట్టిన సంతకంలో ఒక ఊపు ఉంటుందండీ,” అన్నాడాయన, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టుగా. “మీది బొమ్మ గీసినట్టు ఉంది. అడుగున పెన్సిలు తుడిచిన జాడ కూడా ఉంది. ఎవరో చూసి దించారనుకున్నాను.”

“దించలేదు. గీశాను. నాకొచ్చింది అదే.”

హార్లన్ కవరును, ఫారాన్ని ఒకదాని కింద ఒకటి పెట్టాడు. మొదటి అక్షరం దగ్గర్నుంచీ భూతద్దం నెమ్మదిగా జరిపాడు. ఇంటిపేరు మధ్యకు వచ్చి ఆగిపోయాడు. ఇంగ్లీషు చిన్న ‘జి’ అక్షరం తోక కవరు మీద పొట్టిగా ఉంది. ఫారం మీద పొడుగ్గా కిందికి దిగి వంపు తిరిగింది.

“ఇది తేడాగా ఉంది,” అన్నాడు.

ఫెర్మిన్ కళ్లు మూసుకున్నాడు. ఒఫేలియా కుర్చీలోంచి లేచి బల్ల మీదకు వంగింది.

“కవరు మీద మీరిచ్చిన జాగా చూడండి. సంతకం గీత అంచు మీదే ఉంది. తోక ఎక్కడికి పోతుంది? అందుకే కుదించాను. ఫారం మీద జాగా ఉంది, వదిలాను. తోక పొడుగు చూడకండి. వంపు ఎక్కడ మొదలైందో చూడండి.”

హార్లన్ ఒక తెల్లకాగితం తీసుకుని, ఫారం మీద ఆ తోక కింది సగాన్ని కప్పాడు. మళ్లీ భూతద్దం పెట్టాడు. గీత సన్నబడే చోటూ, వంపు తిరిగే చోటూ రెండింటిలోనూ ఒకటే. తర్వాతి అక్షరానికి వెళ్లాడు. దాని తర్వాత దానికీ వెళ్లాడు. మొత్తం అయ్యాక మొదటి నుంచి ఇంకోసారి చూశాడు. ఆయన తొందరపడకపోవడం చూసి ఒఫేలియాకు ఆయన మీద గౌరవం కలిగింది.

“ఒకే చెయ్యి,” అన్నాడు చివరికి.

వెర్నా కూడా చూసి తలూపింది. ఇద్దరూ ఫారం కింద తమ సంతకాలు చేశారు. ఆ రెండూ ఒక్క క్షణంలో అయిపోయాయి. ఇకనుంచి ఇదే రికార్డులో ఉంటుందనీ, ప్రతి ఎన్నికకూ ఇలాగే పెట్టాల్సి ఉంటుందనీ వెర్నా చెప్పింది.

“పెడతాను. ఆ కవర్లు అచ్చు వేయించేవాళ్లెవరో, గీత ఇంకాస్త పైకి జరపమనండి.”

హార్లన్ నవ్వలేదు. జేబులోంచి చీటీ తీసి ఆ మాట రాసుకున్నాడు.

వెర్నా కవరును ఈసారి పక్కన పెట్టేవాటి ఎర్ర ట్రేలో కాకుండా, విప్పాల్సిన కవర్లున్న తెల్ల ట్రేలో పెట్టింది. ఫెర్మిన్ జేబులోంచి బండి తాళాలు తీశాడు. ఒఫేలియా కదల్లేదు.

“ఇంకేంటక్కా?”

“నా కవరు ఇంకా ఇక్కడే ఉంది.”

వెర్నా ఆమె వైపు చూసి, తెల్ల ట్రేను రెండు చేతులా ఎత్తుకుంది. హార్లన్ లెక్కింపు గది తలుపు తెరిచి పట్టుకున్నాడు. ట్రే లోపలికి వెళ్లి, తలుపు మూసుకున్నాక, ఒఫేలియా పెన్సిలు, స్కేలు, రబ్బరు, పెన్ను, కర్ర ఒక్కొక్కటే సంచిలో సర్దుకుంది.

“పద,” అంది.