లాకు దగ్గర ఆగిన తేనెపెట్టెలు

సూర్రావు తేనెటీగలతో మాట్లాడతాడని ఉంగుటూరులో చెప్పుకునేవారు. అది నిజం కాదు. వాటి దగ్గర అతను పెదవి విప్పేవాడు కాదు, ఊపిరి కూడా మెల్లగా వదిలేవాడు. మనిషి ఊపిరి మీద పడితే ఈగలు రేగుతాయని ఆ పని నేర్పిన నిత్యానందంగారు మొదటిరోజే చెప్పారు. ఉబ్బసం మనిషికి ఊపిరి బిగబట్టి పనిచేయడం ఎంత నరకమో ఆయనకు తెలియదు, సూర్రావు చెప్పనూ లేదు. మూతికి తువ్వాలు చుట్టుకుని, తల పక్కకు తిప్పి, చట్రం తర్వాత చట్రం పైకి తీసి చూసేవాడు. పెట్టె మూత వేశాక అవతలికి పోయి, మామిడి మొదలు పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా దగ్గేవాడు.

అతను పుట్టింది కొల్లేటి లంకలో, చేపలు పట్టే ఇంట్లో. ముప్పై ఐదేళ్ళు నీళ్ళలోనే వెళ్ళిపోయాయి. జబ్బు ముదిరాక ఏలూరు డాక్టరుగారు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఈ చెమ్మ వదిలి మెరకకు పోతే తప్ప బతకవన్నారు. వల తమ్ముడికి ఇచ్చేసి, భార్య గంగమ్మను వెంటబెట్టుకుని, పట్టాభిరామయ్యగారి మామిడితోటకు కాపలాగా ఉంగుటూరు వచ్చాడు. పిల్లలు లేరు. తోటలోనే పాక వేసుకున్నారు.

రెండేళ్ళు గడిచాక గ్రామ పరిశ్రమల పని మీద ఊరూరా తిరుగుతూ నిత్యానందంగారు ఆ తోటకొచ్చారు. చింతతొర్రలో ఉన్న తేనెపట్టును ఈగలు చావకుండా కోసి, చెక్క చట్రాలకు అరటినారతో కట్టి, పెట్టెలోకి మార్చి చూపించారు. సూర్రావు నోరు తెరుచుకుని చూశాడు. అతనికి తెలిసినంతలో పట్టడమంటే చంపడమే. పట్టుకున్న ప్రాణి బతికుండటం, పొద్దున్నే బయటికి పోయి సాయంత్రానికి తన గూటికి తానే రావడం అతనికి కొత్త. ఆ రోజు నుంచి ఆ పనిలో పడిపోయాడు. రెండు పెట్టెలతో మొదలుపెడితే నాలుగేళ్ళకు ఎనిమిదయ్యాయి.

అన్ని కాలాల్లోకీ వసంతమే కష్టం. మాఘం వెళ్ళేసరికి మామిడి పూత మీద ఈగలు దండిగా పెరిగిపోతాయి. పెట్టె ఇరుకైతే పాత రాణి సగం గుంపును తీసుకుని లేచిపోతుంది. అందుకని వారానికోసారి ప్రతి చట్రం వెతికి, కొత్త రాణి కోసం అవి కట్టే వేరుసెనక్కాయంత గూళ్ళను చిదిమేయాలి. అడుగుపలక గీకి మైనపు పురుగును ఏరేయాలి. చీమలు ఎక్కకుండా పెట్టె కాళ్ళ కింద మూకుళ్ళలో నీళ్ళు పోయాలి. గంగమ్మ మూకుళ్ళ పని చూసుకునేది. మొదట్లో భయపడినా, తర్వాత తర్వాత మెడ మీద ఈగ పాకుతున్నా వంచిన తల ఎత్తేది కాదు.

ఈశ్వర నామ సంవత్సరంలో, అంటే ముప్పై ఎనిమిదిలో, పూత ఆలస్యంగా ఫాల్గుణంలో విరగబూసింది. తోట కాపును తాడేపల్లిగూడెం వర్తకుడు జనార్దనరావుగారు గుత్తకు తీసుకున్నారు. కిందటేడు తేనెమంచు పురుగు పట్టి పిందె నిలవక ఆయన బాగా దెబ్బతిన్నారు. ఈసారి తోటలో అడుగుపెట్టగానే ఆయనకు కనిపించింది ప్రతి పూరెమ్మ మీదా ఈగలే. అవి పూతలో సారమంతా పీల్చేస్తున్నాయన్నారు. పూత మీద ఈగ వాలకపోతే పిందే కట్టదని నిత్యానందంగారు చెప్పిన మాట సూర్రావు చెప్పాడు. జనార్దనరావుగారు నవ్వేసి తోట యజమాని ఇంటికి వెళ్ళారు.

మర్నాడు పట్టాభిరామయ్యగారు కబురు పెట్టారు. ఆయన ఏనాడూ గొంతు పెంచి మాట్లాడిన మనిషి కాదు.

"పూత వెళ్ళేదాకా వాటిని ఎక్కడికైనా చేర్చవయ్యా సూర్రావు. తర్వాత మళ్ళీ తెచ్చుకుందువుగాని. నీ పాక ఎక్కడికీ పోదుగా."

"ఆయ్, ఇప్పుడు కదిపితే తట్టుకోలేవండి. పట్టులన్నీ లేతగా ఉన్నాయండి."

"గుత్తదారు మాట కాదనలేను. నువ్వే చూసుకోవాలి."

కటువుగా ఒక్క మాట పడి ఉంటే సూర్రావు ఎదురాడేవాడేమో. అంత మెత్తగా అడిగేసరికి తలూపి వచ్చేశాడు.

ఏలూరు దాటాక కొల్లేటి ఒడ్డున గంగమ్మ అన్నగారి ఊరుంది. అక్కడ గట్టు పొడుగునా పూతకొచ్చిన కానుగలు. బండి మీద వేస్తే కుదుపులకు పట్టులు విరిగిపోతాయని పడవ మాట్లాడుకున్నాడు. పడవవాడు ఏసుబాబు తెలిసినవాడే. పొద్దుగూకి ఈగలన్నీ గూటికి చేరాక తలుపులకు బిరడాలు బిగించి, గాలి ఆడటానికి మూతల కింద తీగజల్లెడలు పెట్టి, ఎనిమిది పెట్టెలూ పడవకెత్తారు. గంగమ్మా వెంట బయలుదేరింది. ఎండెక్కకముందే చేరిపోవాలన్నది లెక్క.

తెల్లవారేసరికి పడవ కాలువలో లాకు తలుపుల దగ్గర ఆగి ఉంది. కొద్దిరోజుల్లో కాలువలు కట్టేస్తారని ధాన్యం పడవలన్నీ ఒక్కసారే బయలుదేరాయి. వాటిలో ఒకటి లాకు మూతిలో అడ్డం తిరిగి కూరుకుపోయింది. బస్తాలు దించితేగాని అది కదలదు. ముందు ముప్పై పడవలు. ఇరుపక్కలా గట్ల మీద ఎడ్లు, బస్తాలు మోసేవాళ్ళు, వంటలు చేసుకుంటున్న ఆడవాళ్ళు, పిల్లలు.

ఎండ మొదలైంది. పెట్టెల్లో హోరు పుట్టింది. అది రెక్కలతో గాలి విసురుకునే చప్పుడని సూర్రావుకు తెలుసు. లోపల వేడి ఎక్కేకొద్దీ ఇంకా విసురుతాయి, విసిరేకొద్దీ వేడి ఎక్కుతుంది. తలుపులు తీస్తానన్నాడు. ఏసుబాబు చెయ్యి పట్టుకున్నాడు.

"ఆలోచించు సూర్రావు. కట్టేసిన ఎడ్లున్నాయి, చంటిపిల్లలున్నారు. ఇవి రేగితే ఎవరిని ఆపగలవు?"

సూర్రావు గట్టు వైపు చూశాడు. ఒక తల్లి బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. బిరడా మీద నుంచి చెయ్యి తీసేశాడు. పెట్టెలను గట్టు దాటించి దూరంగా చేలోకి మోయిద్దామంటే, ఆ హోరు విన్న కూలీలు ఒక్కరూ దగ్గరికి రాలేదు. తానే ఒకటి భుజానికెత్తి నాలుగడుగులు వేశాడు. ఊపిరందక పెట్టె దించేసి పడవ పలక మీద కూలబడ్డాడు.

అప్పుడు గంగమ్మ పడవలో ఉన్న గోనెలు కాలువలో ముంచి తెచ్చి పెట్టెల మీద కప్పసాగింది. జ్వరం మనిషికి తడిగుడ్డ వేసినట్టే వేసింది. తీగజల్లెడ మూసుకుపోతుందన్న ఆలోచన సూర్రావుకు ఒక్క క్షణం మెదిలింది. మెదిలిందన్నది ఆ తర్వాత అతను ఎన్నడూ తనకు తాను కాదనుకోలేకపోయాడు. కానీ గోనె పడగానే చెక్క చల్లబడింది. చేతికి ఆ చల్లదనం తగిలి ప్రాణం కుదుటపడ్డట్టయింది. వద్దనలేదు. గోనెలు ఆరుతుంటే తానే కుండతో నీళ్ళు పోశాడు.

కాసేపటికి హోరు తగ్గింది.

"అణిగాయయ్యా, చల్లబడ్డాయి," అంది గంగమ్మ. తెల్లవారాక ఆమె ముఖంలో నవ్వు కనిపించడం అదే మొదలు.

అతను చెవి ఆనించి విన్నాడు. పక్క పెట్టెకూ ఆనించాడు. చెక్కల సందులోంచి తేనె సన్నగా జారి అతని మోచేతికి అంటుకుంది. వెచ్చగా ఉంది.

మధ్యాహ్నం దాటాక లాకు తెరిచారు. గంగమ్మ అన్నగారి ఊరు చేరి కానుగల కింద మూతలు తీస్తే పట్టులన్నీ కరిగి విరిగి అడుగున ముద్దగా పడి ఉన్నాయి. ఆ తేనెలోనే ఈగలు, నల్లగా, తడిసిన మినుముల్లా. ఏడు పెట్టెలు అంతే. ఎనిమిదోదానిలో ఒక మూల గుప్పెడు ఈగలు రాణిని చుట్టుకుని బతికి ఉన్నాయి. సూర్రావు వాటిని తొమ్మిది రోజులు కాచాడు. బెల్లం నీళ్ళు పెట్టాడు, చీమలు రాకుండా పక్కనే కూర్చున్నాడు. పదో రోజు పొద్దున అవి లేచిపోయాయి. కొల్లేటి వైపు పోతుంటే కనబడినంత మేరా చూశాడు. వెంటపడలేదు.

ఉంగుటూరు తోటలో పూత రాలేదాకా దాని మీద ఈగలు వాలుతూనే ఉన్నాయట. ఎక్కడో చెట్లకు పట్టిన అడవి ఈగలు. వాటిని పొమ్మనడానికి జనార్దనరావుగారికి ఎవరూ దొరకలేదు. పాక అలాగే ఉందని, రమ్మని పట్టాభిరామయ్యగారు రెండుసార్లు కబురంపారు. సూర్రావు పోలేదు. బావమరిది వాకిట్లో కూర్చుని వలలు అల్లడం మొదలుపెట్టాడు. చెమ్మకు దగ్గు మళ్ళీ తిరగబెట్టింది.

జ్యేష్ఠంలో నిత్యానందంగారు వెతుక్కుంటూ వచ్చారు. రెండు పెట్టెలు ఇప్పిస్తానన్నారు. గంగమ్మ మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది. సూర్రావు వల పక్కన పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఒక్కమాట చెప్పండి. తడి గోనెలు కప్పకపోతే బతికేవాండీ?"

నిత్యానందంగారు జరిగినదంతా విన్నారు. ఆయనకు అబద్ధం అలవాటు లేదు.

"కొన్నైనా బతికేవి సూర్రావు. వేడి కన్నా గాలి లేకపోవడమే ముందు చంపుతుంది."

"నేనూ అదే అనుకున్నానండి. మా ఆడమనిషి దగ్గర మాత్రం ఆ మాట అనకండి."

పెట్టెలు వద్దన్నాడు. ఎందుకని ఆయన ఎంత అడిగినా ఊపిరి చాలదన్నాడే గాని వేరే మాట చెప్పలేదు. ఆయన వెళ్ళాక గంగమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏవన్నారయ్యా పంతులుగారు?"

"ఎండకే పోయాయన్నారు."

"గోనెలు వేశాం కాబట్టి ఆ మాత్రమైనా ఆగాయి. లేకపోతే ఇంకా ముందే పోయేవి."

"అవును," అన్నాడు సూర్రావు, వల మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని.