నోటికి ఏమీ ఇవ్వకూడదు

నర్సింగ్ మూడో ఏడాదిలో మమ్మల్ని ఇక బతకరని తేలిన పేషెంట్ల వార్డులో వేశారు. రెండువేల నాలుగో, అయిదో. మొదటిరోజే మా ట్యూటర్ మేడమ్ ఫోన్లన్నీ ఒక ట్రేలో పెట్టించి, "పోయేవాళ్ళ దగ్గర చేసే పని తక్కువ, పక్కన ఉండటం ఎక్కువ. ఆ ఉండటమే మీకెవరికీ చేతకాదు," అన్నారు. ట్రేలో నా ఫోను లేదు. ఏప్రన్ జేబులో ఉంది.

కిటికీ పక్క మంచం మీద భవానీపురం నుంచి వచ్చిన పెద్దాయన. టైలరు. లివరు పాడై మూడు రోజులుగా కళ్ళు తెరవలేదు. పక్కన స్టూలు మీద ఆయన భార్య. చార్టులో పైనే రాసుంది, నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని. మింగలేని మనిషికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పరీక్షలో నేనే అయిదు మార్కులకి రాశాను.

ఆ రోజు పదకొండింటికి దొంగచాటుగా మెసేజ్ చూసుకుని తలెత్తేసరికి ఆవిడ చిన్న సీసా మూత తీసి చెంచాలోకి నీళ్ళు వంచుతోంది.

"ఏమ్మా! చంపేస్తారా ఆయన్ని?" వార్డంతా వినపడింది నా గొంతు.

చెంచాలో నీళ్ళని ఆవిడ ఒక్క చుక్క కింద పడకుండా మళ్ళీ సీసాలోకే పోసుకుంది.

"జమ్‌జమ్ నీళ్ళు సిస్టరమ్మా. హజ్‌కి పోయొచ్చి మా ఆడపడుచు ఇచ్చింది. పోయేముందు నోట్లో పడాలని ఆయనే దాచుకున్నారు."

"ఏ నీళ్ళయినా ఒకటే. రాసుంది కదా, చూస్కోండి."

ఆవిడ సీసా కొంగులో చుట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

మేడమ్‌కి గొప్పగా చెప్పాను. మేడమ్ చార్టు చూడలేదు, ఆయన ఊపిరి చూశారు. ఆగి ఆగి వస్తోంది.

"మీ తాతయ్య పోయేటప్పుడు తులసినీళ్ళు పోశారా?"

"పోశామండీ, చల్లపల్లిలో. నేనూ పోశాను."

"అప్పుడెవరన్నా నీ చెయ్యి పట్టుకుంటే?"

"లాగి ఒక్కటిచ్చేదాన్నండీ."

"ఆవిడ మంచిది కాబట్టి బతికిపోయావ్. గొంతులో పొయ్యొద్దని రాశారు గానీ పెదాలు తడపొద్దని ఎవరు రాశారే? గాజ్ గుడ్డ ముక్క ముంచి, గట్టిగా పిండి అద్దితే లోపలికి చుక్క పోదు. రోజూ చేసే పనేగా! సాయంత్రం దాకా ఉండడాయన. పో, వెతుకు."

క్యాంటీన్లో లేదు. మందుల షాపు దగ్గర లేదు. జేబులో ఫోనుంది గానీ ఆవిడకి ఫోను లేదు. చివరికి గేటు బయట కనపడింది, ఆటో అతనితో మాట్లాడుతూ.

"ఎక్కడికమ్మా?"

"ఆయన్ని ఇంటికి తీసకపోతానమ్మా. అక్కడైతే నీళ్ళు పోసుకోవచ్చు. ఎవరూ తిట్టరు."

ఆ ఊపిరితో ఆయన మెట్లు కూడా దిగలేడు. "తప్పు నాదమ్మా. నాకు సరిగ్గా తెలీదు. ఇక్కడే ఇద్దాం, రండి," అన్నాను.

ఆవిడ కదల్లేదు. ఆటో అతను మా ఇద్దరినీ చూసి, "పిలుస్తున్నారుగా పిన్నిగారూ, వెళ్ళండి. నాకు బేరాలకేం కొదవ?" అన్నాడు.

మంచం దగ్గర ఆవిడ సీసాలోంచి గాజ్ మీద కాసిని నీళ్ళు పోసింది. నేను పిండి ఆవిడ చేతికిచ్చి, ఆయన తల పక్కకి తిప్పి పట్టుకున్నాను. పగిలిన పెదాల మీద, నాలుక చివర మెల్లగా అద్దింది. చెవి దగ్గర వంగి కలిమా చదివింది.

"తాగారంటావా?" అని అడిగింది.

అవుననాలనిపించింది. "నోరు తడిసిందమ్మా," అన్నాను. నాకు తెలిసింది అంతే.

"చాల్లే, ఆయనకది చాలు," అంది.

పెదాలు మళ్ళీ ఆరిపోయాయి. ఈసారి ఆవిడ గాజ్ నా చేతికిచ్చింది. ఆ మధ్యాహ్నం మూడున్నరకి ఆయన పోయేదాకా ఇద్దరం వంతులేసుకుని తడుపుతూనే ఉన్నాం.