అత్త వేసిన కోర్టు

మా పక్కింటి అత్త ఏ నేలనైనా ఒట్టి పాదం ఆనించి, ఎగుడుదిగుడు ఉందేమో చూసేది. షటిల్ మోజు ఊరూరా పట్టిన ఎనభైల్లో, వాళ్ల పెరట్లో రాళ్లేరి, ఎర్రమట్టి పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి కోర్టు చదును చేసింది ఆవిడే. మామ చేసిందల్లా వినుకొండ నుంచి నెట్టు కొనుక్కురావడం! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆట మొదలయ్యే రోజు ఆవిడ అలవాటుగా పాదంతో నేల చూస్తుంటే, మామ స్నేహితులందరి ముందూ అరిచాడు.

"ఏమే, కోర్టులో ఆడోళ్లకేం పని? బయటికి నడువు!"

అత్త కదల్లేదు.

"ఏందయ్యా, పొలం తగాదాలో సాక్ష్యం చెప్పమని నరసరావుపేట కోర్టుకి బతిమాలి తీసుకుపోయావే! ఆ కోర్టుకి పనికొచ్చినదాన్ని, ఈ కోర్టుకి పనికిరానా?"

తను ఏరి గోడవార పోసిన రాళ్లను గంపకెత్తి తెచ్చి, కోర్టు నడిమధ్య కుమ్మరించింది.

"ఏరుకొని ఆడుకోండి."