దాజీ పేటలో కాఫీ నురుగు కట్టిన ఆదివారం

మొన్న మధ్యాహ్నం కుంభారిలో మా కాలనీ ఇంటి గడపలో కూర్చుని ఉంటే, పక్కింటి కొత్త కోడలు ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. అందులో ఎవరో వేడి ఇసుకలో పొడుగు పిడి గిన్నెను తిప్పుతూ టర్కీ కాఫీ కాస్తున్నారు. లోకంలో ఇప్పుడే పుట్టిన వింతను చూపిస్తున్నట్టు ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుంటే నాకు నవ్వొచ్చింది. లోపలికి వెళ్ళి, అదే కాఫీ రెండు చిన్న కప్పుల్లో నురుగుతో సహా తెచ్చి పెట్టాను. ఎక్కడ నేర్చుకున్నవని ఆమె అడిగింది. ఆమెకు చెప్పినదే మీకూ చెబుతాను. కిరోసిన్ స్టవ్వు వాసన ఎరిగిన నా ఈడు వాళ్ళకు ఇంకా బాగా తెలుస్తుంది.

నేను కోడలుగా వచ్చిన రోజుల్లో మేము ఊళ్ళో నేతవాళ్ళుండే దాజీ పేటలో ఉండేవాళ్ళం. ముందు గదిలో మగ్గం, వెనక వంటిల్లు, మధ్యలో ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టే మా అత్తమ్మ. ఇల్లూ మేమూ ఆమె మాట మీదే నడిచేవాళ్ళం. ఇంటికి ఎవరొచ్చినా చాయే, ఏ బాధకైనా చాయే. మా ఆయన కుంఠా నాకా దగ్గర ఒక టవళ్ళ కార్ఖానాలో మగ్గాలు బిగించే జాబర్. ఆ కార్ఖానా సేఠ్ టర్కీలో ఒక మిల్లు వాడిన మగ్గాలు కొని, వాటి పని నేర్చుకు రమ్మని ఆయనను కొన్ని నెలలు అక్కడికి పంపాడు. మా గల్లీలో విమానం ఎక్కిన మొదటి మనిషి ఆయనే.

దుబాయ్ వెళ్ళినవాళ్ళు బంగారం, టేప్ రికార్డర్లు తెస్తున్న కాలం అది. మా ఆయన తెచ్చింది మాత్రం ఒక చిన్న రాగి గిన్నె, ఒక పొట్లం కాఫీ పొడి. గల్లీ అంతా నవ్వింది. ఆయన ఎంతో ఆశగా ఆ పొడిని నా చేతిలో పెడితే, నేను చాయ్ కాచినట్టే పాలు పోసి తెర్లబెట్టాను. అత్తమ్మ ఒక్క గుక్క తాగి, పళ్ళలో ఇరికిన పొడిని ఉమ్మేసి, పొగాకు నీళ్ళు ఇంతకంటే నయమంది. ఆ తర్వాత ఆయన టర్కీ ఊసే ఎత్తలేదు. గిన్నెను అటక మీద పెట్టేశాడు. కానీ ఒక రోజు ఎవరూ చూడడం లేదనుకుని దాన్ని దించి, చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టడం నా కంట పడింది. అంత దూరం పోయి వచ్చిన మనిషి సొంత ఇంట్లో అలా చిన్నబోవడం నేను చూడలేకపోయాను.

అంతలో మగ్గాలు వచ్చాయి, వాటిని నిలబెట్టడానికి ఆ దేశం నుంచి ఒక ఫిట్టర్ కూడా వచ్చాడు. పెద్ద మీసాల మనిషి. మన కారం పడక, తియ్యటి పాల చాయ్ సయించక, పని సగంలో వదిలి వెళ్ళిపోతానని అలుగుతున్నాడట. ఆయన వెళ్ళిపోతే ఆ మగ్గాలు తుప్పు పట్టడమే. ఆదివారం ఇంటికి పిలిచానని మా ఆయన చెప్పగానే, ఇంటికొచ్చిన పావ్ణకు, అంటే అతిథికి, చాయే పోస్తామనీ, పరాయి దేశపోడి ముందు ఇజ్జత్ తీసుకోవద్దనీ అత్తమ్మ తేల్చేసింది. నేను తలూపాను గానీ ఆ టర్కీ కాఫీయే కాచి తీరాలని లోపల పట్టుదల పట్టాను.

ఆయన తెచ్చిన పొడి అప్పటికే పాడైపోయింది. దుకాణంలో దొరికే పొడి చికోరీ కలిపినది, దానితో రుచే రాలేదు. స్టేషన్ దగ్గరి ఉడిపి హోటలాయనను బతిమాలి పచ్చి గింజలు తెప్పించి, ఇనుప పెనం మీద వేయించి, రోట్లో దంచి, మా ఆయన పాత సన్న ధోవతి గుడ్డలో జల్లించాను. రాగి గిన్నెను అటక మీంచి దించి కాస్తే, స్టవ్వు మంట మీద ప్రతిసారీ పొంగిపోయేది. చివరికి బీడీ కట్టలు వేడిచేసే బొగ్గుల శెగడి, అదే కుంపటి, గుర్తొచ్చి, నిప్పుల మీద బూడిద కప్పి, వచ్చిన కొత్తలో మా ఆయన చెప్పినట్టు చన్నీళ్ళలో పొడీ చక్కెరా ముందే కలిపి గిన్నెను దాని మీద పెట్టాను. అంచుల నుంచి నురుగు మెల్లగా లేచి నడిమికి వచ్చి కలుసుకుంది. తెర్లకముందే దించాను. ఆ వాసనకు మా ఆయన మగ్గం ఆపి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ ముఖం చూసి, కాఫీ కుదిరిందని తెలిసింది.

ఆదివారం గల్లీ ఆడవాళ్ళంతా ఏదో పని ఉన్నట్టు మా గడప ముందే మూగారు. ఎందుకైనా మంచిదని అత్తమ్మ అల్లం చాయ్ కాచి పక్కన పెట్టింది. ఫిట్టర్ బూట్లు విప్పి లోపలికి వస్తూనే గాలి పీల్చి వంటింటి వైపు తిరిగాడు. నేను ముందు నురుగు కప్పులో వేసి, దాని పక్కగా కాఫీ వంచాను. నురుగు చెదరలేదు. ఆయన నిదానంగా తాగాడు. కప్పు దించి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసి ఏదో అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

మా ఆయన ఆ మాటను మాకు విప్పి చెప్పాడు. "నీ చేతులు సల్లగుండాలె అంటుండు. ఆల్ల ఇంట్ల తాగినట్టే ఉందంట."

అత్తమ్మ చాట పక్కన పెట్టింది. "నాగ్గూడ ఇంత పొయ్యి, బిడ్డా," అంది. అప్పటిదాకా ఆమె నన్ను బిడ్డా అని పిలిచింది లేదు. తాగి, ఈసారి అడుగున మడ్డి వదిలేసి, గడపలో నిలబడ్డవాళ్ళ వైపు తిరిగింది. "నా కొడుకు టర్కీ పోయి ఉత్తగ రాలే," అంది.

మా ఆయన ఆ రోజు నవ్విన నవ్వు నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. ఫిట్టర్ అయితే, వాళ్ళ దేశంలో జోస్యం చూసినట్టు, అత్తమ్మ కప్పును బోర్లించి, లోపల మిగిలిన మడ్డి గీతల్లో ఒక పిట్ట ఉందనీ, మంచి కబురు వస్తుందనీ చెప్పాడు. ప్రతి ఆదివారం మా ఇంటికి వస్తూ, మగ్గాలన్నీ ఆడించి మరీ తన ఊరు వెళ్ళాడు. ఆయన వెళ్ళాక కప్పులు చూసే పని అత్తమ్మ తీసుకుంది. ఎవరికీ చెడు చెప్పేది కాదు. కడుపుతో ఉన్నామెకు సుఖ ప్రసవం కనిపించేది, అలిగిన మొగుడు దారిలో ఉన్నట్టు కనిపించేది. ఒకప్పుడు నవ్విన గల్లీయే మా వంటింట్లో కప్పు కోసం వరుస కట్టింది. గిన్నె చిన్నది, రెండేసి కప్పులే వచ్చేవి. మిగిలినవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉండేవాళ్ళు.

ఇప్పుడు అత్తమ్మ లేదు, మా ఆయనా లేడు. దాజీ పేట ఇంట్లో మగ్గం పోయి కొట్టు వెలిసింది. ఈ కాలనీలో గాలీ వెలుతురూ మేలే, కానీ పొద్దున్నే బస్సులెక్కి, బండ్లెక్కి పనులకు పోయేవాళ్ళకు ఎదురింటి పేరు తెలియదు. అప్పట్లో వాసనకే మనుషులు వచ్చేవాళ్ళు. ఇప్పుడు కప్పు పట్టుకుని నేనే వెళ్ళి తలుపు తట్టాలి. తడుతున్నాను. కొందరు తీస్తున్నారు.