పక్కముడి చొక్కా

మా పిన్ని ఎవరికీ అబద్ధం చెప్పగా నేను చూడలేదు. పక్కింటావిడ కొత్త చీర బాగుందా అని అడిగితే "నీకు నప్పలేదమ్మా, మీ కోడలికిచ్చెయ్" అని మొహాన చెప్పే మనిషి. అలాంటిదాని చేత ఒక అబద్ధం రాయించుకున్నారు. రాయించుకున్నది ఎవరో పేరు తెలిస్తే నాలుగు దులిపేసేదాన్ని. అక్కడ పేరున్న మనిషే లేడు.

పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. బాబాయి స్కూలు వ్యాను నడిపేవాడు. పిల్లల్లేరు. ఆ ముద్దూ మురిపెమూ తిట్లూ అన్నీ నాకే దక్కాయి. వాళ్లది మేడ మీద రెండు గదుల వాటా. ముందు గదిలో కిటికీకి ఆనించి కుట్టుమిషను, దాని పక్కన బట్టల తాన్లు, తలుపు వెనక పార్సిలు కవర్ల కట్ట. వెనక గదిలో బాబాయి మంచం. రెండు గదులకీ మధ్య తలుపు తీసేయించింది పిన్ని. మిషను తొక్కుతూ తల తిప్పితే ఆయన కనపడాలి.

బాబాయికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయాక ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద పని చొక్కా తొడగడం. చెయ్యి ఎత్తితే నొప్పి, మడిస్తే నొప్పి. ఒకరోజు ఆయన బాధ చూడలేక పిన్ని కత్తెర అందుకుని ఆ చొక్కాని చంక నించి అంచు దాకా, భుజం నించి మణికట్టు దాకా పర్రున కత్తిరించేసింది. "కొత్త చొక్కా కుట్టమంటే ఉన్నది చింపావా" అన్నాడు బాబాయి, వంకరపోయిన నోటితోనే. పిన్ని ఆ అంచులు మడిచి కుట్టి, గుండీల బదులు గుడ్డ నాడాలు పెట్టింది. చెయ్యి ఎత్తక్కర్లేకుండా చొక్కాని కింద పరిచి, పైకి తెచ్చి, పక్కన ముడెయ్యడమే. గుండీ ఎందుకు పెట్టలేదని అడిగాను. గుండీ ఒంటి కింద పడితే పుండవుతుందని, ముడి ఎప్పుడూ పక్కనే ఉండాలని చెప్పింది. పక్కముడి చొక్కా అని బాబాయే పేరు పెట్టాడు.

ఆన్‌లైన్‌లో అమ్ముదామన్నది నేను. సరుకులమ్మే ఒక ఆన్‌లైన్ కంపెనీలో పేజీ తెరిచింది, ఫోటో తీసింది కూడా నేనే. బాబాయి మొహం పడనివ్వలేదు. భుజం, మెడ కింద పుట్టుమచ్చ, కుడిచెయ్యి మాత్రం తియ్యమన్నాడు. ఆ కుడిచేత్తో తనే నాడా కొస లాగి ముడి బిగిస్తున్నట్టు పట్టుకున్నాడు. మణికట్టు మీద వ్యాను రేడియేటరు కాల్చిన మచ్చ నున్నగా మెరుస్తూ ఉంటుంది అందులో. పిన్నికి ఆ ఫోటో అంటే ప్రాణం.

చొక్కాలు అంతంతమాత్రంగానే అమ్ముడయ్యేవి. పేజీ కింద ప్రశ్నలు మాత్రం వరదలా వచ్చేవి. ఎక్కడెక్కడివాళ్లో అడిగేవాళ్లు. మా నాన్న చెయ్యి బిగుసుకుపోయిందండీ, ఎలా తొడగాలి? మా అమ్మ మనిషిని తాకనివ్వట్లేదు, ఏం చెయ్యమంటారు? పిన్ని కళ్లద్దాలు పెట్టుకుని ఒక్క వేలితో టైపు చేసేది. ముందు పడిపోయిన చేతికి తొడగండి, తర్వాత బాగున్న చేతికి, విప్పేటప్పుడు దీనికి తిరగేసి. నీళ్లు గోరువెచ్చగా పెట్టి తుడిచాక ప్రయత్నించండి, అప్పుడు కాస్త వదులవుతుంది. ఆవిడ తిడితే పట్టించుకోకండి, ఆ తిట్టు మిమ్మల్ని కాదు. చొక్కా కొననివాళ్లకి కూడా ఇంతింత జవాబులు రాస్తావేంటి పిన్నీ అంటే, కొన్నవాళ్లకి చొక్కా ఉంది కదే, కొననివాళ్లకే కదా జవాబు కావాలి అనేది.

బాబాయి పోయాక పిన్ని మిషను మీద దుప్పటి కప్పేసింది. అన్నం పెడితే తినేది, లేకపోతే లేదు. మేమందరం చెప్పి చెప్పి అలిసిపోయాం. ఆమెని లేపింది ఆ పేజీలో ఎవరో అమ్మాయి అడిగిన ప్రశ్న. మా తాత రేపు ఆసుపత్రి నించి ఇంటికొస్తున్నాడు, నాకేమీ రాదు, భయంగా ఉంది అని. పిన్ని దానికి జవాబు రాసి, లేచి, మిషను మీద దుప్పటి తీసింది. ఇక ఆ తర్వాత పొద్దున్నే లేవడానికి ఆమెకున్న ఒకే ఒక్క కారణం ఆ పేజీ. ఇది నేను పెంచి చెప్పడం లేదు.

ఒక పొద్దున ఆ పేజీ లేదు. ఆ చోట తెల్లటి ఖాళీ ఉంది. ఒక మెయిలు వచ్చింది. మీ సరుకు వేరొకరి ట్రేడ్‌మార్కు హక్కుకి భంగం కలిగిస్తోందని ఫిర్యాదు అందింది, కాబట్టి తొలగించాం అని. ఎవరి హక్కు? ఏ పేరు, ఏ గుర్తు, ఏ బొమ్మ? ఒక్క ముక్క లేదు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నారట, అలా ఉంది. ఫిర్యాదు చేసినవాళ్ల మెయిలు అడ్రసు ఒకటి ఇచ్చారు. దానికి రాస్తే ఉలుకూ పలుకూ లేదు. కంపెనీ హెల్ప్‌లైనుకి ఫోన్ చేస్తే, మెయిల్లో ఉన్న వాక్యాన్నే ఒకమ్మాయి మర్యాదగా మళ్లీ చదివి వినిపించింది. పైగా ఆఖర్న మా సేవ ఎలా ఉందో నక్షత్రాలిచ్చి చెప్పండి అని మెసేజి. ఆ రోజు నా ఫోను గోడకి తగలకుండా ఉందంటే పిన్ని చెయ్యి పట్టుకుంది కాబట్టి.

తప్పు ఏదో తెలియనప్పుడు మనిషి అన్నిట్లోనూ తప్పు వెతుక్కుంటుంది. నాడా రంగేమో అంది పిన్ని. పేరేమో అంది. ప్రతి చొక్కాకీ కాలరు దగ్గర ఆకుపచ్చ దారంతో ఒక చిన్న ఆకు కుట్టేది, అది ఎవరి గుర్తో ఏమో అంది. ఆకులు ఎవరి సొత్తూ కాదు పిన్నీ అని అరిచాను. వినలేదు. కుట్టి ఉంచిన చొక్కాలన్నీ ఒళ్లో వేసుకుని, సూది మొనతో ఒక్కో ఆకూ విప్పేసింది. ఆకుపచ్చ దారం తుంపులు ఆమె చీరంతా అంటుకున్నాయి.

తర్వాత అప్పీలు పంపింది. ఉన్నది ఉన్నట్టు రాసింది. ఈ చొక్కా నేనే కత్తిరించాను, పేరు మావారు పెట్టారు, ఫోటో మా ఇంట్లో తీసింది, నేనెవరిదీ తీసుకోలేదు అని. తిరగ్గొట్టారు. మీరు చేసిన తప్పు ఏమిటో మీ జవాబులో లేదన్నారు. నిజమే, ఆ అప్పీలు ఫారంలో ఉన్న గళ్లు అలాంటివే. మీరు చేసిన తప్పేంటి, దాన్ని ఎలా సరిదిద్దుకున్నారు, మళ్లీ చెయ్యకుండా ఏం జాగ్రత్త తీసుకుంటారు. నేను తప్పు చెయ్యలేదు అని రాసుకోవడానికి గడి లేదు.

చిన్న అమ్మకందార్లకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఫోన్ కవర్లు అమ్మే ఒకాయన్ని అందరూ అర్జీల అన్నయ్య అంటారు. ఎవరి పేజీ పోయినా అప్పీలు రాసిపెట్టేది ఆయనే, పైసా తీసుకోడు. మంచి మనిషే, ఆయన్నేమీ అనను. వాళ్లలో ఒక పద్ధతి పడిపోయింది. ముందు తప్పు ఒప్పేసుకోవడం, ఏం తప్పో తర్వాత కనుక్కోవడం. చేశావా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఒప్పుకున్నవాళ్ల పేజీలు తిరిగొచ్చాయి, వాదించినవాళ్లవి రాలేదు. వాళ్లకి తెలిసిన న్యాయం అంతే. ఫోటో తప్పు రాయండి అత్తా, అది చిన్న తప్పు, తొందరగా క్షమించేస్తారు అన్నాడాయన. తనే రాసి పంపాడు.

పిన్ని దాన్ని నాకు పైకి చదివింది. "ఈ పేజీలో వాడిన ఫోటో మాది కాదు. అందులో ఉన్న వ్యక్తికీ మాకూ సంబంధం లేదు. ఇంటర్నెట్ నించి తెలియక తీసుకున్నాం. చొక్కా నమూనా కూడా వేరొకరిది చూసి కుట్టాం. క్షమించండి."

చదవడం అయ్యాక వెనక గదిలోకి చూసింది. మంచం అక్కడే ఉంది, మీద పరుపు లేదు. వద్దు పిన్నీ, ఇది పంపొద్దు అన్నాను.

"మరి ఏం రాయాలో చెప్పవే. నిజం రాస్తే తీసుకోలేదుగా."

నేను ఫోను లాక్కోబోయాను.

"ఆయనుంటే రాసెయ్యమనేవాడే. పని జరగాలి కదా అనేవాడు," అంది. నొక్కేసింది.

జవాబు చాలా తొందరగా వచ్చింది. హక్కుల ఉల్లంఘన జరిగినట్టు మీరే అంగీకరించారు కాబట్టి మీ ఖాతాను శాశ్వతంగా మూసేస్తున్నాం అని. చొక్కా పేజీ ఒక్కటే కాదు, మొత్తం. ఆ ప్రశ్నలూ, ఒంటి వేలితో రాసిన ఆ జవాబులూ అన్నీ. అర్జీల అన్నయ్య ఫోన్ చేసి ఏడ్చాడు. ఇలా ఎప్పుడూ జరగలేదత్తా, ఈసారి ఎందుకిలా చేశారో తెలీదత్తా అని. పిన్నే ఆయన్ని ఓదార్చింది.

మళ్లీ మిషను మీద దుప్పటి పడింది. నేను రోజూ సాయంత్రం వెళ్లి కూర్చునేదాన్ని. పిన్ని ఖాళీ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఏమీ కుట్టకుండా ఆ చేతుల్ని నేనెన్నడూ చూడలేదు. నాకు దుఃఖం ఆగేది కాదు.

ఓ సాయంత్రం అక్కడే కూర్చుని ఊరికే ఫోన్లో వెతుకుతుంటే కనపడింది. అదే కంపెనీలో, వేరే ఎవరిదో పేజీ. మంచాన పడ్డవాళ్లకి చొక్కా. ఫోటోలో బాబాయి. అదే భుజం, అదే పుట్టుమచ్చ, నాడా లాగుతున్న అదే చెయ్యి, మణికట్టు మీద అదే మచ్చ. దొంగే దొంగ దొంగ అని ముందు అరిచాడని నా అనుమానం. రుజువు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పిన్నికి చూపించాలా వద్దా అని ఆలోచిస్తుండగానే ఆమె నా భుజం మీంచి చూసేసింది. ఫోను నా చేతిలోంచి తీసుకుని, బొమ్మని రెండు వేళ్లతో పెద్దది చేసి, ఆ మణికట్టు దగ్గరే ఆగిపోయింది.

నేను ఆ క్షణమే ఫిర్యాదు పెట్టాను. ఫోటో మాది, తీసింది నేను, ఉన్నది మా బాబాయి అని. ఆయన గుర్తింపు కార్డు, ఆసుపత్రి కాగితాలు అన్నీ జత చేశాను. మర్నాడు జవాబు వచ్చింది. ఈ ఫోటో తనది కాదనీ, అందులోని వ్యక్తితో సంబంధం లేదనీ మూసేసిన ఖాతా యజమాని స్వయంగా రాసిచ్చారు, కనుక మీ ఫిర్యాదు చెల్లదు.

పిన్ని అది విని మెల్లిగా, "నా చేత్తో నేనే రాశాను కదే," అంది. నేను ఏడ్చాను, పిన్ని ఏడవలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

ఫోటో మాదే గానీ ఆ దొంగ పేజీవాళ్లు పంపే చొక్కా వేరు. నాడాల బదులు వీపు వెనక ఇనప ప్రెస్ బటన్లు పెట్టారు, తొందరగా కుట్టెయ్యొచ్చని. కింద ప్రశ్నలు పడ్డాయి. మా నాన్న వీపు మీద ఎర్రగా దద్దు లేచింది, ఇది బటను వల్లా? జవాబు లేదు. మా అత్తకి చర్మం లేచిపోయింది, ఏం చెయ్యాలి? జవాబు లేదు. పిన్ని ఆ ప్రశ్నలు రోజూ చదివేది. ఒకరోజు జవాబు రాయబోతే, ఈ సరుకు కొన్నవాళ్లు మాత్రమే జవాబివ్వగలరు అని వచ్చింది.

కొంది. కొనేవాళ్ల కోసం కొత్త ఖాతా నా చేత తెరిపించి, తన చొక్కాకి నకలుని దొంగ దగ్గర డబ్బిచ్చి కొంది. నేను పళ్లు నూరుకుంటుంటే, "వాళ్ల వీపులు నీ కోపం తగ్గేదాకా ఆగవే," అంది. పార్సిలు రాగానే బటన్లు కోసి పారేసి, పక్కకి నాడాలు ఎలా మార్చుకోవాలో చేసి చూసుకుని, అది వివరంగా రాసింది. సూదీ దారం పట్టడం వచ్చినవాళ్లు ఎవరైనా చేసుకునేట్టు. మళ్లీ ప్రశ్నలు, మళ్లీ ఒంటి వేలు. అన్నం సరిగ్గా తినడం మొదలుపెట్టింది. దొంగ పేజీ పుణ్యమా అని మా పిన్ని బతుకుతోందని నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

అంతలో ఎవరో ఒకావిడ అడిగింది. మీరు సొంతమనిషిలా చెబుతున్నారు, మీ ఇంట్లో ఎవరికి వాడారండీ?

పిన్ని ఆ పూటంతా ఫోను పట్టుకు తిరిగింది. చివరికి రాసింది. పైన ఫోటోలో ఉన్నది మావారేనండీ, ఆయన కోసమే కుట్టాను అని. రాశాక ఎంతో కాలానికి ఆమె మొహం కాస్త తేటపడింది. ఆ పూట టీ తనే పెట్టింది.

పొద్దున్నకి ఆ జవాబు లేదు. నిబంధనలకి విరుద్ధంగా ఉన్నందున తొలగించామని ఉంది. ఏ నిబంధనో లేదు.

"మావారేనని రాశాను. అందులో తప్పేముందే?" అని నన్నడిగింది.

ఊళ్లో అందరి మీదా లేచే నోరు నాది. ఆ పూట లేవలేదు. పిన్ని కళ్లద్దాలు సర్దుకుని, పాపం ఆవిడ అడిగింది కదా, ఏదో ఒకటి చెప్పాలి కదా అంటూ మళ్లీ ఫోను తీసుకుంది. నేను పక్కనే ఉన్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, "మాకు తెలిసినాయన ఒకరికండీ" అని రాసింది.

దాన్ని ఎవరూ తియ్యలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది.