నీళ్లు తాగని ఇల్లు

టీచరమ్మను సమాధి చేసిన రోజే, ఆ మట్టి ఆరకముందే, ఆమె తలపెట్టిన ప్రయాణాన్ని కూడా ఆపేశారు. ఆపింది మా చర్చి సంఘ పెద్ద. మాలో ఒక్కరినీ అడగలేదు. సమాధుల తోట గేటు దగ్గర నిలబడి, "ఈసారి ఉట్నూర్ దిక్కు పోవుడు బంద్" అన్నారు. ఇది అన్యాయం. అక్కడే ఆయన ముఖం మీద అన్నాను, ఇప్పుడు రాస్తున్నాను.

టీచరమ్మ మా బొగ్గుగని కాలనీ మందిరంలో సండే స్కూల్ చెప్పేది. మంగళవారం పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసి, "అవ్వ లేస్తలేదు, జర ఉరికి రా తమ్మీ" అంది. నేను వెళ్లేసరికే గుండె ఆగిపోయింది. మంచం పక్కన గోడకు ఆనించి ఆమె సంచి ఉంది, ప్రయాణానికి సర్దినది.

ఏటా ఎండాకాలం మమ్మల్ని జీపులో ఉట్నూర్ అవతలి అడవి పల్లెలకు సువార్తకు తీసుకెళ్లేది. దానికి కొన్ని వారాల ముందు నుంచి ఆమె క్వార్టర్ వరండాలో సిద్ధపాటు. శుక్రవారం ఉపవాసం, చాప మీద మోకాళ్ల ప్రార్థన, పొద్దు గూకాక తలా ఇంత పలచటి చల్ల.

నేను కరపత్రాలు చదివి పెరిగినవాణ్ణి. బస్టాండులో పంచినవి, కూటాల్లో ఇచ్చినవి, ఏదీ వదల్లేదు. మొదటి శుక్రవారం ఆ కట్టంతా పట్టుకెళ్లాను. టీచరమ్మ దాన్ని చేతిలో బరువు చూసింది.

"గివన్నీ సదివినవా?"

"సదివిన టీచరమ్మా. ఎవ్వలేమడిగినా జవాబున్నది."

"గట్లనా? మీ పక్కింటి ముసలవ్వ పేరేంది?"

నాకు తెలియదు. వరండా అంతా నవ్వింది. "జవాబున్నదంటివి గదరా!" అని ఆమె కూడా కడుపు పట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రమే వెళ్లి ఆ అవ్వ పేరు అడిగాను.

భయమేస్తోందని ఎవరన్నా అంటే మాత్రం ఆమె నవ్వేది కాదు. "మంచిగైంది బిడ్డా. భయం లేనోన్ని నేను జీపు ఎక్కనియ్య. ఆడు మంది ఇండ్లల్లకు చెప్పులతోటి పోతడు" అనేది.

ఆమె పెట్టే అసలు పరీక్ష వేరే. "నువ్వు ఎవరింట్ల నీళ్లు తాగవు?" అని ఒక్కొక్కరినీ అడిగేది. తగాదాపడి, గడప తొక్కడం మానేసిన ఇల్లు ఏదో ఒకటి ఎవరికైనా ఉంటుంది. బయలుదేరేలోగా ఆ ఇంటికి వెళ్లి నీళ్లడిగి తాగి రావాలి. ఈ ఏడు మా డోలక్ వాయించే తమ్ముడు తన బావ ఇంటికి వెళ్లి ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"ఇచ్చిండా?"

"ఇచ్చిండు టీచరమ్మా. తిట్టి తిట్టి ఇచ్చిండు."

"తాగినవా మరి?"

"గొంతు దిగలే. అయినా తాగిన."

"అయితే జీపుల నీ జాగ నీకున్నది. కూసో, చల్ల తాగు."

ఇదంతా ఎందుకో నాకు నిరుడు తెలిసింది. ఒక పల్లె పొలిమేరలో కొందరు మా జీపుకు అడ్డం నిలబడ్డారు. "ఎవరు మీరు? ఎందుకొచ్చిండ్రు?" భయమేస్తే నాకు కోపమొస్తుంది, నోరు తెరవబోయాను. టీచరమ్మ నా మోకాలు నొక్కి తను దిగింది. నేల మీద కూర్చుని, "అన్నా, ఎండకొచ్చినం. జర నీళ్లిస్తరా? రావద్దంటే తాగి పోతం" అంది. వాళ్లలో ఒకాయన చెంబుతో తెచ్చాడు, ఆమె సంచిలోంచి తన గ్లాసు తీసి పట్టింది. తాగింది. రావద్దన్నారు. దండం పెట్టి జీపు వెనక్కి తిప్పించింది.

దారంతా నేను మండిపోయాను. "ఒక్క మాటన్న చెప్పలేకపోతిమి!"

"ఆళ్ల ఊరు, ఆళ్ల ఇష్టం. వద్దనుకుంట గూడ నీళ్లిచ్చిండ్రు. నువ్వు గట్ల ఇయ్యగల్గుతవా?"

ఇంటికొచ్చి నా కరపత్రాల కట్టంతా మళ్లీ తిరగేశాను.

ఈ ఏడు నేను నీళ్లు తాగి రావాల్సిన ఇల్లు సంఘ పెద్దది. చలికాలం మీటింగులో మందిరానికి రంగులు వేయించడానికున్న తొందర సువార్తకు మనుషులను పంపడానికి లేదా అని ఆయన మీద అరిచాను. అప్పటినుంచి నేను ఆయన గడప తొక్కలేదు. మొన్న ఆదివారం టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని, "అందరియి అయినయి. నీదొక్కటే మిగిలింది" అంది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.

గేటు దగ్గర నేను అన్యాయమన్నప్పుడు సంఘ పెద్ద అరవలేదు. "ఆమె లేదు. మిమ్ముల నేనెట్ల పంపాలెరా? రేపు ఎవడన్న జీపు ఆపితే దిగేదెవరు? నువ్వా?" అన్నారు. నిరుడు పొలిమేరలో నాకేసిన భయమే ఆయన ముఖంలో చూశాను. ఆ "నువ్వా?" అన్న మాట అప్పటినుంచి నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఎందుకంటే దిగాల్సింది నేనేనేమో. నా నోట ఒక్క తప్పు మాట వస్తే దెబ్బ జీపులో అందరికీ తగులుతుంది.

టీచరమ్మ కూతురు ఆమె సంచిలోంచి ఆ స్టీలు గ్లాసు తీసి నా చేతిలో పెట్టింది. అడుగున సొట్ట. బల్ల మీద పెడితే నిలకడగా ఉండదు. ఇది రాస్తుంటే నా ముందు మెల్లగా ఊగుతోంది.

జీపు ఎక్కాల్సిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ శుక్రవారం ఉపవాసంతో, సాయంత్రం ఆరింటికి సంఘ పెద్ద ఇంటి ముందుకు రండి. కేకలు వద్దు, ముందు నాకే చెప్పుకుంటున్నాను. నేను లోపలికి వెళ్లి నీళ్లడుగుతాను. తాగాకే ప్రయాణం మాట ఎత్తుతాను. వద్దంటే వందనాలు చెప్పి తిరిగి వద్దాం. నాకు చాలా భయంగా ఉంది, అందుకే మిమ్మల్ని పిలుస్తున్నాను. ఆరింటికి. గ్లాసు నేను తెస్తాను.