అరటి చెట్టు రెండోసారి గెల వేసిన రోజు

మా లంకలో అరటి చెట్టు రెండోసారి గెల వేసింది. ఒక చెట్టు కాదు, ఊళ్ళో ఉన్న చెట్లన్నీ. అదీ తోటలో కాదు, హైస్కూల్లో తొమ్మిదో తరగతి గదిలో, పక్క ఊళ్ళ నుంచి వచ్చిన మాస్టర్లందరి కళ్ళ ముందు. నేను చెప్పేవాటిలో సగం మాత్రమే నమ్మాలని మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఇది నమ్మాల్సిన సగంలోది. ఎందుకంటే ఇది నా గొప్ప కాదు, మా మేడ మీద అద్దెకుంటున్న ఉమాశ్రీ కథ.

ఉమాశ్రీ సైన్సు టీచరు. కాకినాడ పిల్ల. భర్త మణిశంకర్ ఉద్యోగం అక్కడే. శనివారం బడి వదలగానే రావులపాలెం వెళ్ళి బస్సెక్కేది, సోమవారం పొద్దున్న దిగి సంచీతో సహా నేరుగా తరగతిలోకి వెళ్ళేది. ఆమెకు ముందు వచ్చిన సైన్సు మాస్టర్లు మా ఊళ్ళో నిలిచినవాళ్ళు కారు. ఒకాయనైతే రేవు దాటి ఇటు వచ్చి, బడి బోర్డు చదివి, అదే పడవలో వెనక్కి వెళ్ళిపోయాడు. పడవవాడు తిరుగు ప్రయాణమని కూడా అనుకోలేదట, ఆయన దిగడం మరిచిపోయాడనుకున్నాడట.

నేను చదివింది రాజమండ్రిలో, కాన్వెంటులో. మా సిస్టర్ ఆగ్నెస్ ప్రశ్న అడిగి బల్ల మీద స్కేలుతో ఒక్కటి కొడితే, ధవళేశ్వరంలో వరద వచ్చిందనుకుని ఆనకట్ట తలుపులు ఎత్తేసేవారు. ఎవడికి పాఠం వచ్చిందో, ఎవడికి రాలేదో తెలుసుకోవడానికి ఆవిడ దగ్గరున్న సాధనం ఆ స్కేలొక్కటే. ఉమాశ్రీ సాధనం వేరు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేది. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు, టీచరు ఫోను ఒక్కటుంటే చాలు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో అట్టముక్క. దాని మీద నల్లటి గళ్ళ బొమ్మ, నాలుగు అంచుల మీద చీమ తలకాయంత అక్షరాలు ఎ, బి, సి, డి. ప్రశ్న గోడ మీది పెద్ద తెర మీద వస్తుంది. జవాబు 'బి' అనుకుంటే 'బి' అంచు పైకి పెట్టి అట్ట ఎత్తాలి. ఏ ఇద్దరి గళ్ళూ ఒక్కలా ఉండవు కాబట్టి పక్కవాడి అట్ట చూసినా ఏమీ తెలియదు. మేడమ్ తన ఫోనుతో తరగతిని ఒకసారి కలియజూస్తే, ఒప్పులన్నీ తెర మీద పచ్చ పట్టీగా, తప్పులన్నీ ఎర్ర పట్టీగా లేస్తాయి.

ఆ అట్టలు ఆమె మా అరుగు మీదే అంటించింది. నేను మైదా ఉడికించి ఇచ్చాను. అంత గట్టి జిగురు గోదావరి జిల్లాల్లో మళ్ళీ ఎవరూ కాయలేదు. నా ఉంగరం ఇప్పటికీ ఆ గిన్నెలోనే ఉంది.

మొదట్లో ఆ తెర ఆవకాయ జాడీలా ఎర్రగా ఉండేది. ఎరుపు వస్తే ఆటల పీరియడు కూడా తీసుకుని పాఠం మళ్ళీ చెప్పేది. పచ్చగా వస్తే కబడ్డీకి వదిలేసేది. ఆమె పెట్టుకున్న నియమం అదొక్కటే.

అప్పటి ఆ ఎనిమిదో తరగతిలో వీరవేణి అని ఒక పిల్ల ఉంది. వాళ్ళది ఉప్పాడ. సముద్రం ఇంటి గోడల్ని తినేశాక తండ్రి మగ్గం వదిలి రావులపాలెంలో బట్టల కొట్లో పనికి కుదిరాడు, కాపురం మా ఊళ్ళో పెట్టాడు. పిల్ల చురుకైంది. పైగా ఉమాశ్రీ పుట్టిపెరిగిన వైపు నుంచి వచ్చింది. ఆమె ముద్దుగా 'వేణీ' అని పిలిచేది. మధ్యాహ్నం కారియర్ విప్పితే ఒక గిన్నె ఆ పిల్లదే.

ఒకరోజు ఇద్దరూ బడి నుంచి వస్తూ మా వీధి గేటు దగ్గర మాట్లాడుకోవడం నేను విన్నాను.

"ఎప్పుడూ ఎర్రగానే వస్తే మీరూ వెళ్ళిపోతారాండీ, మేడమ్?"

"వెళ్ళక? ఎప్పుడూ ఎర్రగానే వస్తే నాకిక్కడ పనేముందే?" అని నవ్వింది ఉమాశ్రీ.

ఆమె నవ్వింది. పిల్ల నవ్వలేదు. ఆ సంగతి అప్పుడు ఆమే, నేనూ ఇద్దరం గమనించలేదు.

దసరా వెళ్ళాక తెర రంగు మారింది. కొత్తగా వరినాట్లు ఊడ్చిన చేనులా రోజురోజుకీ పచ్చబడింది. ఉమాశ్రీ మెట్లెక్కేటప్పుడు పాడుకోవడం మొదలుపెట్టింది. "తాతగారూ, వెనక బెంచీ దుర్గాసాయి కూడా ఒప్పు పెడుతున్నాడండి!" అనేది. దుర్గాసాయి అంటే మా పెదబాబు మనవడు. పెదబాబు పశువుల సంతల్లో బేరాలు కుదిర్చే మనిషి. ఆ మనవడికి పాఠం వచ్చిందంటే మా ఆవు కాన్వెంటు ఇంగ్లీషు మాట్లాడిందన్నంత వింత. అయినా నేను నమ్మాను. అబద్ధాలు చెప్పేవాడు ఎదుటివాళ్ళ మాటలు తొందరగా నమ్ముతాడు.

వేసవిలో బదిలీలు వచ్చాయి. కాకినాడ పక్కనే ఖాళీ పడింది. మణిశంకర్ ఫోన్ చేశాడు. అరుగు మీద కూర్చున్న నాకు వినపడేలా స్పీకరు పెట్టిందామె, బలం కోసం కాబోలు.

"ఆప్షన్ పెట్టేయ్ ఉమా. ఇలాంటిది మళ్ళీ రాదు."

"పిల్లలు ఇప్పుడిప్పుడే అందుకుంటున్నారండి. టెన్త్ దాకా చూసి వచ్చేస్తాను."

"వాళ్ళు అందుకుంటారు. మరి నేను?"

"మీరు టెన్త్ పాసయ్యారు కదండీ."

అతను నవ్వలేదు. ఫోను పెట్టేశాడు. ఆమె ఆప్షన్ పెట్టలేదు. ఆ తర్వాత మణిశంకర్ శనివారాల్లో బస్టాండుకి ఎదురు రావడం మానేశాడని ఆమే చెప్పింది, చీర కుచ్చిళ్ళు చూసుకుంటూ. ఆ పచ్చ పట్టీ మీద ఆమె ఏం పణంగా పెట్టిందో అప్పుడు నాకర్థమైంది.

పిల్లలు తొమ్మిదిలోకి వచ్చారు. తెర పచ్చగానే ఉంది. ఆ మాట పై ఆఫీసు దాకా వెళ్ళింది. పక్క ఊళ్ళ మాస్టర్లు వచ్చి ఈ పద్ధతి చూడాలని ఒక రోజు పెట్టారు. ఊరి పెద్దలకీ పిలుపు వచ్చింది. నేనూ, పెదబాబూ ముందు కుర్చీల్లో కూర్చున్నాం. వాడు తువ్వాలు మడత విప్పకుండా భుజాన వేసుకొచ్చాడు, పెళ్ళివారిలా.

ఉమాశ్రీ మొక్కల పాఠం మీద ప్రశ్నలు వేసింది. కిరణజన్య సంయోగక్రియ, పచ్చ. పత్రరంధ్రాలు, పచ్చ. మాస్టర్లు ఫోన్లు తీసి ఫొటోలు తీసుకుంటున్నారు. ఆఖర్న ఆమె మావైపు చూసి, "ఇది మన ఊరి ప్రశ్నండి, పెద్దవాళ్ళ కోసం," అని ఒకటి వేసింది.

అరటి చెట్టుకు గెల కోశాక అదే చెట్టు మళ్ళీ గెల వేస్తుందా? 'ఎ', వేస్తుంది. 'బి', వేయదు, పక్కన లేచిన పిలక వేస్తుంది.

మా లంకలో ఈ ప్రశ్న అడగడమంటే నీ పేరేంటని అడగడమే. గెల కోశాక ఆ చెట్టు పని అయిపోతుంది. కొట్టేస్తారు. అక్కడున్న పిల్లల్లో చాలామంది ఆ పొద్దున్నే గెలలు మోసి, చొక్కాకి అరటి జిగురు మరకతో బడికి వచ్చినవాళ్ళు.

అట్టలు లేచాయి. ఉమాశ్రీ ఫోను తిప్పింది. తెర మొత్తం ఒక్కటే పట్టీ. ఎరుపు. పచ్చ చుక్క కూడా లేదు. తరగతి తరగతంతా 'ఎ'.

పెదబాబు లేచాడు.

"ఒరే దుర్గాసాయి! గెల కోసిన సెట్టు మళ్ళీ గెలేత్తాదంట్రా? ఏ తోటలో చూశావురా, మీ మేనమావ తోటలోనా?"

"నేను ప్రశ్న సదవలేదు తాతా."

"సదవకుండా అట్టెలా ఎత్తావురా?"

వాడు దిక్కులు చూశాడు. ఒడిలో ఉన్న పుస్తకాల సంచీ కింద వాడి చెయ్యి పక్కవాడి చేతిలో ఉంది. పెదబాబు ఆ సంచీ లాగేశాడు. పక్కవాడి చూపుడు వేలొక్కటే వీడి పిడికిట్లో చిక్కుకుని ఉంది. పెదబాబు నోరు తెరిచి, తన భుజం మీది తువ్వాలు తడుముకున్నాడు.

పశువుల సంతలో బేరం నోటితో చెప్పరు. ఇద్దరు బేరగాళ్ళు ఒకే తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుంటారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత అన్నది వాళ్ళిద్దరికే ఎరుక. దుర్గాసాయి తాత దగ్గర నేర్చిన విద్య అదొక్కటే. దాన్ని తరగతికి తెచ్చాడు. ఒక వేలు 'ఎ', రెండు వేళ్ళు 'బి'. బెంచీ పొడవునా సంచీల కింద వేళ్ళు. బెంచీ చివర నుంచి వెనక బెంచీకి కాలి మడమతో తట్టడం. ఉమాశ్రీ తెరవైపు తిరిగి ప్రశ్న చదివేలోపు జవాబు గదంతా చుట్టి వచ్చేది. సంత మొత్తం నడుస్తుంటే టీచరుకు చప్పుడు కూడా వినపడలేదు.

వేళ్ళు మొదలయ్యేది వీరవేణి దగ్గర. పుస్తకంలో ఉన్నదంతా ఆ పిల్లకు వచ్చు. ఉప్పాడ నేతగాళ్ళ ఇంట్లో అరటి తోట ఎక్కడుంది? కొబ్బరి చెట్టు ఎన్నిసార్లైనా కాస్తుంది కదా, ఇదీ అంతేననుకుంది. ఒక వేలు ఇచ్చింది. అరటి తోటల్లో పుట్టిన పిల్లలంతా ఆ వేలునే నమ్మారు.

మాస్టర్లు మర్యాదగా చప్పట్లు కొట్టి, మర్యాదగా టీ తాగి, గేటు దాటాక నవ్వుకున్నారు. ఒకాయన ఫోనులో ఫొటోలు తుడిచేయడం నేను చూశాను.

ఉమాశ్రీ తలుపు వేసింది. నేను కుర్చీలోంచి లేవలేదు, ఆమె లేవమనలేదు.

"ఎప్పట్నుంచి?" అంది.

దుర్గాసాయి నెమ్మదిగా, "దసరా కాడ్నుంచండి. నిరుటి దసరా. కబడ్డీకి వదుల్తారని," అన్నాడు.

"నువ్వు కబడ్డీ ఆడవు కదే, వేణీ. నువ్వెందుకు?"

వీరవేణి లేచి నిలబడింది. "ఎర్రగా వస్తే వెళ్ళిపోతానన్నారు కదండీ."

"నేనా?"

"తాతగారి గేటు కాడ. పాత మాస్టర్లంతా వెళ్ళిపోయారు కదండీ. పచ్చగా ఉంటే ఉంటారని... ఉన్నారు కదండీ, మేడమ్."

ఉమాశ్రీ అట్టలన్నీ తిరిగి తీసుకుంది. ఒక్కొక్కరి చేతిలోంచీ. వీరవేణి దగ్గరికి వచ్చినప్పుడు ఆ పిల్ల అట్టతో పాటు ఆమె వేలు పట్టుకుంది. ఉమాశ్రీ వేలు విడిపించుకుంది.

సాయంత్రం మా అరుగు మీద కూర్చుంది. కాఫీ చల్లారిపోయింది. ఆమెను నవ్వించడానికి, ఆ జవాబు తప్పేం కాదనీ, మా తాతగారి తోటలో ఒక చెట్టు గెల కోసిన మర్నాడే అవమానంతో మళ్ళీ గెల వేసిందనీ మొదలుపెట్టాను.

"మీరు కూడా వద్దు తాతగారూ," అంది.

ఆపేశాను. నా జీవితంలో కథ మధ్యలో ఆపింది ఆ ఒక్కసారే.

"ఆ పిల్ల నా మీద ఇష్టంతో చేసిందమ్మా."

"అందుకే కదండీ కడుపు మండుతోంది. దుర్గాసాయి మీద నాకు కోపం లేదు. వాడు ఆట కోసం మోసం చేశాడు, వాడి మోసం నాకు అర్థమవుతుంది. ఈ పిల్ల నన్ను ఉంచుకోవడానికి నాకే అబద్ధం చూపించింది. నేను ఆ రంగు చూసుకుని మా ఆయనతో దెబ్బలాడాను. ఇష్టంతో చేస్తే మోసం కాకుండా పోతుందాండీ?"

చల్లారిన ఆ కాఫీ తీసుకుని, వేడి చేయడానికి లోపలికి వెళ్ళాను.

మర్నాడు ఆమె సెలవు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. పిల్లల్ని బడి మైదానంలో దూరదూరంగా కూర్చోబెట్టింది, చేయి చాపినా పక్కవాడు అందనంత దూరం. పుస్తకాల సంచీలు గదిలోనే పెట్టించింది. అట్టలు మళ్ళీ పంచింది. మా మేడ మీద నుంచి మైదానం కనిపిస్తుంది. నేను పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను.

"ఇకనుంచి 'డి' అంటే ఎప్పుడూ ఒకటే," అంది. గొంతు నా దాకా వచ్చింది. "'డి' అంటే, నాకు తెలియదు. అది పెట్టినందుకు ఆటల పీరియడు పోదు. నేనూ ఎక్కడికీ పోను, ఈ ఏడాది పోవడానికి దారి కూడా లేదు. నిజం పెట్టండి, చాలు."

నిరుడు దసరా తర్వాత చెప్పిన మొదటి పాఠంలోంచి ప్రశ్న చదివింది. అట్టలు లేచాయి. ఫోనుతో చూసుకుని, అలాగే నిలబడిపోయింది. అందరూ 'డి'. దాదాపు ఏడాది పాఠాలు ఆ మైదానంలో ఎండకు ఆరిపోయి కనిపించాయి.

ఆమె వరసల మధ్య నుంచి నడిచి వీరవేణి ముందు ఆగింది. ఆ పిల్ల అట్ట కూడా 'డి'యేనట.

"నీకీ జవాబు రాదా?"

వీరవేణి తల వంచుకుంది.

"ఇదీ అబద్ధమే కదా?"

"ఆయ్. అందరూ రాదంటే నేనొక్కదాన్నే..."

"తిప్పు."

పిల్ల అట్ట తిప్పింది. ఉమాశ్రీ ఫోను ఎత్తి మళ్ళీ చూసింది. ఎర్రటి పట్టీ పక్కన సన్నగా, అప్పుడే లేచిన పిలకంత, ఒక పచ్చ గీత వచ్చిందట. అది ఆమె నాకు తర్వాత చూపించింది, ఫోను తెర మీది ఆ గీతను ఫొటోగా దాచుకుంది.

ఆ రోజే ఆమె ఆ మొదటి పాఠం నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. పట్టీ ఎక్కువగా ఎర్రగానే ఉంటోంది, అప్పుడప్పుడు కొంచెం పచ్చబడుతోంది, దాన్ని ఆమె నమ్ముతోంది. శనివారం కాకినాడ వెళ్తోంది, సోమవారం వస్తోంది. మధ్యాహ్నం కారియర్‌లో ఒక గిన్నె ఇప్పటికీ ఆ పిల్లకే వెళ్తుంది. కాని 'వేణీ' అని పిలవడం మానేసింది. హాజరు పిలిచినప్పుడు, గిన్నె అందించినప్పుడు కూడా, "వీరవేణి" అంటుంది, పూర్తిగా. ఆ పిల్ల ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, ఇంకేమైనా అంటారేమోనని చూసి, అప్పుడు పలుకుతుంది.